అవుట్‌పుట్ సున్నా, వేడి పైపైకి: కావలి దగ్గర ఒక నికెల్–హైడ్రోజన్ రియాక్టర్ కేసు

గత వేసవిలో, రోహిణి కార్తె ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం మూడు దాటాక కావలి నుంచి నాకొక ఫోన్ వచ్చింది. చేసింది కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు. “సార్, కంట్రోలరు అవుట్‌పుట్ సున్నా చూపిస్తా ఉంది, వేడి మాత్రం ఎక్కతానే ఉంది, ఇప్పుడే మెయిన్ దించేశాను” అన్నారాయన. వెనక నుంచి ఆయన మేనల్లుడి గొంతు వినిపిస్తోంది: “దించకుండా ఉండాల్సింది మామయ్యా, అంటుకుందది.” మామకు అది ప్రమాదంగా కనిపించింది, అల్లుడికి అది ఫలితంగా కనిపించింది. ఇద్దరూ చూసింది ఒకే తెర మీది ఒకే రెండు అంకెలను.

నేను ఇరవయ్యేళ్లకు పైగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగాల్లో పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో ఉంటూ ఫర్నేసులకూ రొయ్యల హేచరీలకూ టెంపరేచర్ కంట్రోలర్లు సరిచూసే పని చేసుకుంటున్నాను. మాస్టారు చేస్తున్నది కోల్డ్ ఫ్యూజన్, అంటే బల్ల మీది మామూలు సరంజామాలోనే అణుకేంద్రాలు కలిసి వేడి పుట్టిస్తాయన్న ఆశతో చేసే ప్రయోగం. అది నా వృత్తి కాదు, దాని మీద నాకు నమ్మకమూ లేదు. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు పల్లాడియం ఎలక్ట్రోడును భారజలంలో ఉంచి విద్యుత్తు పంపితే రసాయన చర్యకు మించిన వేడి వచ్చిందని ప్రకటించిన నాటి నుంచి, మన దేశంలో పి.కె. అయ్యంగార్ హయాంలో భాభా అణు పరిశోధన కేంద్రంతో సహా ఎన్నో ప్రయోగశాలలు ఆ దారిలో నడిచి చూశాయి. గూగుల్ ధనసహాయంతో అనేక బృందాలు కలిసి చేసిన పరిశోధన 2019లో నేచర్ పత్రికలో వచ్చినప్పుడు కూడా, అలాంటి ప్రభావానికి ఆధారమేదీ దొరకలేదనే తేలింది. అయితే వేడి అణుకేంద్రంలో పుట్టిందా లేదా అన్న తగువుతో నిమిత్తం లేకుండా ఈ ప్రయోగాలు మనుషులను గాయపరచగలవు. ఫ్లైష్‌మన్, పాన్స్ తమ తొలి వ్యాసంలోనే, ఒక సెంటీమీటరు ఘనాకారపు పల్లాడియం ముక్కతో చేసిన ప్రయోగం అదుపు తప్పిందని హెచ్చరిక రాసుకున్నారు. 1992 జనవరి 2న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒక ఎలక్ట్రాలిసిస్ సెల్ పేలి ఆండ్రూ రైలీ అనే శాస్త్రవేత్త చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది డ్యూటీరియం, ఆక్సిజన్ల మామూలు దహనమే, అణుశక్తి కాదు. మాస్టారికి సాయం చేయడానికి నేను ఒప్పుకున్నది అందువల్లనే. ఆయన సిద్ధాంతాన్ని నిలబెట్టడం నా పని కాదు, ఆయన షెడ్డును నిలబెట్టడం నా పని.

షెడ్డులో ఉన్న సరంజామా

రొయ్యల చెరువుల మధ్య, జనరేటర్లూ ఏరియేటర్లూ మోగే చోట, రేకుల షెడ్డులో ఆ రియాక్టరు ఉంది. చీమకుర్తి నుంచి తెచ్చిన గ్రానైటు ముక్క బల్లగా ఉంది. దాని మీద 20 మిల్లీమీటర్ల బయటి వ్యాసమూ 300 మిల్లీమీటర్ల పొడవూ ఉన్న అల్యూమినా గొట్టం, ఒక చివర మూసినది. రెండో చివరన సెరామిక్ సిమెంటుతో బిగించిన స్టీలు ఫిటింగు, దానికొక ప్రెషర్ గేజి. గొట్టం మధ్యలో 150 మిల్లీమీటర్ల మేర కాంతాల్ తీగ, అంటే హీటర్లలో వాడే మిశ్రమలోహపు తీగ, చుట్టారు. దాని నిరోధం 16 ఓమ్‌లు. లోపల ఒక గ్రాము నికెల్ పొడి, 0.1 గ్రాము లిథియం అల్యూమినియం హైడ్రైడ్. 2014 చివర రష్యాకు చెందిన పర్ఖోమోవ్ చేసిన ప్రయోగం తరవాత ఈ మిశ్రమం ఔత్సాహికుల్లో బాగా వ్యాపించింది. హైడ్రైడ్ 150 డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలుపెట్టి హైడ్రోజన్‌ను వదులుతుంది. ఆ హైడ్రోజన్ నికెల్‌లో చేరి ఏదో చేస్తుందన్నది వారి ఆశ.

కరెంటు దారి ఇలా ఉంది: మెయిన్ నుంచి వేరియాక్, అంటే పిడి తిప్పి వోల్టేజీ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మరు, వేరియాక్ నుంచి సాలిడ్ స్టేట్ రిలే, అంటే వాడుకలో ఎస్‌ఎస్‌ఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు, అక్కడి నుంచి హీటర్. ఎస్‌ఎస్‌ఆర్‌ను ఆన్, ఆఫ్ చేసేది పీఐడీ కంట్రోలరు; పెట్టిన ఉష్ణోగ్రత నిలిచేలా ఎంత శాతం సేపు ఆన్‌లో ఉంచాలో అదే తేలుస్తుంది, ఆ శాతమే దాని అవుట్‌పుట్. దానికి కన్ను ఒక కె టైప్ థర్మోకపుల్, అంటే రెండు వేర్వేరు లోహపు తీగల కొనలు కలిపి వేడిని కొలిచే సెన్సరు. వేరియాక్‌ను తొలుత 80 వోల్టుల దగ్గర పెట్టారట గాని, వేడెక్కడానికి గంటన్నర పడుతోందని మేనల్లుడు దాన్ని 95కు తిప్పాడు. కరెంటు ఆదా కోసం గొట్టం చుట్టూ 50 మిల్లీమీటర్ల సెరామిక్ ఊలు కప్పారు. ఉష్ణోగ్రతనూ కంట్రోలరు అవుట్‌పుట్ శాతాన్నీ రెండు సెకన్లకొకసారి ఒక లాగర్ నమోదు చేస్తుంది. హీటర్ గుండా నిజంగా ఎంత కరెంటు పోతున్నదో కొలిచే మీటరు మాత్రం ఎక్కడా లేదు. నేను షెడ్డులోకి వెళ్లి ఐదు నిమిషాలు కాకముందే నాకు అనుమానం వచ్చింది ఈ లోపం మీదనే.

ఆ రోజు జరిగింది లాగ్‌లో స్పష్టంగా ఉంది. 900 డిగ్రీల సెట్‌పాయింట్ దగ్గర అవుట్‌పుట్ 32 శాతంతో నిలకడగా నడుస్తున్న రియాక్టరు, 2 గంటల 51 నిమిషాలకు పైకి కదిలింది. కంట్రోలరు చేయాల్సిన పనే చేసి, అరనిమిషంలో అవుట్‌పుట్‌ను సున్నాకు దించింది. అయినా మొదటి నిమిషంలో 62 డిగ్రీలు పెరిగింది. ఐదు నిమిషాలు దాటేసరికి 1,180 అయింది. అప్పుడు మాస్టారు ఎంసీబీ దించారు. గొట్టం చివరి సిమెంటు పగిలి సన్నగా బుస్సుమన్న చప్పుడు వచ్చిందనీ, మంట కనబడలేదనీ చెప్పారు. హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు కాబట్టి ఆ రెండో మాటకు నేను విలువ ఇవ్వలేదు.

మొదటి పరీక్ష

ఎస్‌ఎస్‌ఆర్ ఒక మూసిన ప్లాస్టిక్ పెట్టెలో, హీట్‌సింక్ లేకుండా, రేకుల గోడకు బిగించి ఉంది. పైన 25 ఆంపియర్లు అని రాసి ఉంది. పోయే కరెంటు ఆరు ఆంపియర్లే కదా అని వారి ధీమా. కాని ఆ రాసిన సంఖ్య సరైన హీట్‌సింక్ ఉన్నప్పటి మాట. ఎస్‌ఎస్‌ఆర్ ఆన్‌లో ఉన్నంతసేపు దానిలో ఒక వోల్టుకు పైగా పడిపోతూ ఉంటుంది. ఆరు ఆంపియర్ల దగ్గర అది ఏడెనిమిది వాట్ల వేడి. నెల్లూరు జిల్లా మే నెల మధ్యాహ్నం, రేకుల గోడ, గాలి ఆడని పెట్టె, ఆ పైన ఏరియేటర్ మోటార్లు ఆగి మొదలైనప్పుడల్లా లైన్‌లో వచ్చే ఎగుడుదిగుళ్లు, ఇవన్నీ కలిస్తే ఎస్‌ఎస్‌ఆర్ ఎక్కువ కాలం బతకదు. అది చచ్చేటప్పుడు సాధారణంగా తెరుచుకుని చావదు, మూసుకుని చస్తుంది. అంటే ఆఫ్ చేసే శక్తిని కోల్పోయి, శాశ్వతంగా ఆన్‌లో ఉండిపోతుంది.

కంట్రోల్ తీగలు రెండూ పీకేసి, లోడ్ టెర్మినళ్ల మీద మల్టీమీటరు పెట్టాను. తెరిచిన స్విచ్చులాగా మెగా ఓమ్‌లు చూపాల్సిన చోట ఒక ఓమ్ కంటే తక్కువ చూపింది. మేనల్లుడు వంగి చూసి, మీటరు తీగలు తిరగేసి పెట్టమన్నాడు. తిరగేశాను. అంతే.

అయినా అతనికి తృప్తి కలగలేదు. వేడి వల్లనే ఎస్‌ఎస్‌ఆర్ తరవాత పోయి ఉండవచ్చు కదా, మొదట అంటుకున్నది రియాక్టరే కావచ్చు కదా అన్నాడు. ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు లాగ్‌లోనే దొరికింది, అదీ కరెంటు కోత పుణ్యాన. ప్రమాదానికి ముందు రోజు సాయంత్రం, రియాక్టరు 900 డిగ్రీల దగ్గర ఉండగా కరెంటు పోయింది. పోయిన మొదటి నిమిషంలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు తగ్గింది. వేరియాక్ 95 వోల్టులు, నిరోధం 16 ఓమ్‌లు అయితే హీటర్ పూర్తిగా ఆన్‌లో ఉన్నప్పటి శక్తి 564 వాట్లు. అందులో 32 శాతం 180 వాట్లు. అంటే 180 వాట్లు ఆగిపోతే నిమిషానికి 30 డిగ్రీలు పడిపోయే సరంజామా ఇది. ప్రమాదం రోజున నిమిషానికి 62 డిగ్రీలు పెరిగింది, అంటే నిలకడకు కావలసిన 180 వాట్లకు అదనంగా మరో 372 వాట్లు ఎక్కడి నుంచో వచ్చాయి. మొత్తం 552. పూర్తిగా ఆన్‌లో ఉన్న హీటర్ ఇవ్వగలిగింది 564. తేడా పన్నెండు వాట్లు, అదీ లోటు వైపే.

ఈ లెక్కలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. థర్మోకపుల్ తప్పు చదువుతున్నా, తగ్గుదలనూ పెరుగుదలనూ కొలిచింది అదే థర్మోకపుల్ కాబట్టి నిష్పత్తిలో ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. మాస్టారు కాగితం తీసుకుని తానే మళ్లీ వేశారు. రెండోసారి వేశాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “అయితే మనది ఏమీ లేదన్నమాట” అన్నారు. ఆ అయిదు నిమిషాల మట్టుకు ఏమీ లేదని చెప్పాను. అంతకంటే ఎక్కువ చెప్పే హక్కు ఆ లాగ్ నాకివ్వదు.

థర్మోకపుల్ పచ్చగా మారిన సంగతి

ఎస్‌ఎస్‌ఆర్ దొరికింది కదా అని ఆగిపోయి ఉంటే రెండో లోపం అలాగే ఉండిపోయేది. ప్రమాదానికి ముందు తొమ్మిది రోజుల లాగ్‌ను పరిచి చూస్తే, అదే 900 డిగ్రీలు నిలపడానికి అవుట్‌పుట్ 28 శాతం నుంచి 32 శాతానికి మెల్లగా పెరిగింది. అదనపు వేడి కోసం వెతికేవారు అవుట్‌పుట్ తగ్గుతున్నదా అని చూస్తారు, పెరిగితే పట్టించుకోరు. అల్లుడు ఆ గీతను చూశాడట, కాని “ఇంకా మొదలు కాలేదు” అనుకుని వదిలేశాడట.

పెరగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, గొట్టంలోని హైడ్రోజన్ మెల్లగా బయటికి పోవడం. హైడ్రోజన్ ఉష్ణవాహకత గాలి కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. అది గొట్టంలో ఉన్నప్పుడు ఒక రకంగానూ, సందుల గుండా ఊలులోకి చేరినప్పుడు మరో రకంగానూ వేడి దారులను మార్చేస్తుంది. వేడి పుట్టే తీరు మారకుండానే థర్మోకపుల్ అంకె మారిపోవడానికి ఇది చాలు. రెండోది థర్మోకపుల్ తానే తక్కువ చదవడం. నేను దాన్ని బయటికి తీసి, రెండు రంధ్రాల పింగాణీ పూసలను ఒక్కొక్కటే జార్చాను. తీగల్లో ఒకటి, వేడి కొనకు రెండు అంగుళాల ఇవతల, పాచిపట్టినట్టు పచ్చగా ఉంది. కె టైప్‌లో ధన తీగ క్రోమెల్, అంటే నికెల్–క్రోమియం మిశ్రమం. ఆక్సిజన్ బొత్తిగా లేకపోయినా, ధారాళంగా ఉన్నా అది బాగానే ఉంటుంది; సుమారు 800 నుంచి 1,050 డిగ్రీల మధ్య, ఊపిరాడీ ఆడనట్టుగా కొద్దిపాటి ఆక్సిజన్ మాత్రమే ఉన్న చోట క్రోమియం ఒక్కటే ఆక్సీకరణ చెంది, తీగలో నికెల్ మిగులుతుంది. హైడ్రోజన్ కారుతున్న ఊలు మధ్యలో ఇరుక్కున్న సన్నని పింగాణీ గొట్టం దానికి సరిగ్గా కావలసిన చోటు. కొత్త క్రోమెల్‌కు అయస్కాంతం అంటదు. ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ అయస్కాంతం తెప్పించి ఆ పచ్చటి చోట తాకిస్తే, అంటుకుని వేలాడింది.

నా దగ్గరున్న ఎస్ టైప్ ప్లాటినం థర్మోకపుల్‌ను పక్కన పెట్టి గాలిలో వేడి చేసి చూస్తే, అది 900 అన్నప్పుడు వీరిది 858 చూపింది. ఇలాంటి థర్మోకపుల్‌తో నడిచే పీఐడీ నిజాయితీగా పనిచేస్తూనే రియాక్టరును రోజురోజుకూ ఎక్కువ వేడి మీదకు నెడుతుంది. తెర మీద గీత మాత్రం తాడు కట్టి లాగినట్టు తిన్నగా ఉంటుంది. నిజానికి ఆ రోజు 1,180 అని చదివిన క్షణాన లోపల 1,200 దాటే ఉంటుంది. కాంతాల్ తీగ 1,400 దాకా ఓర్చుకుంటుంది, నికెల్ 1,455 దగ్గర కరుగుతుంది. మాస్టారు మెయిన్ దించకపోతే తీగ కాలి తెగేవరకూ అది ఎక్కుతూనే ఉండేది.

మేనల్లుడి దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా ఉంది, అది ఇంకా ఎక్కువ చూపిందని వాదించాడు. గన్‌లో ఎమిసివిటీ, అంటే ఒక పదార్థం తన వేడిని వికిరణంగా ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, 0.4 అని పెట్టి ఉంది. అల్యూమినాకు పట్టికల్లో అంతే రాసి ఉందన్నాడు. ఆ పట్టిక మొత్తం వర్ణపటానికి సంబంధించినది. గన్ చూసే 8 నుంచి 14 మైక్రాన్ల పరిధిలో అల్యూమినా ఎమిసివిటీ 0.9కి పైనే. తక్కువ విలువ పెడితే అంకె వందల డిగ్రీలు ఉబ్బుతుంది. ఇలాంటి నికెల్–హైడ్రోజన్ రియాక్టరును స్విట్జర్లాండ్‌లోని లుగానోలో పరీక్షించి అదనపు వేడి వచ్చిందన్న 2014 నాటి నివేదిక మీద వచ్చిన ప్రధానమైన విమర్శ కూడా ఇదే.

నిజంగానే వేడి పుడితే

ఇక్కడి దాకా తేలింది పరికరాల లోపమే. కాని ఒకవేళ నికెల్‌లో నిజంగానే, ఏ కారణం వల్లనైనా, వేడి పుడితే ఈ అమరిక దాన్ని ఆపగలదా అని మాస్టారు అడిగారు. ఈ ప్రశ్న ప్రమాదం కంటే ముందే అడగాల్సినది.

అదుపు తప్పడానికి వేడి ఎంత పుడుతున్నదన్నది ముఖ్యం కాదు. ఒక డిగ్రీ పెరిగినప్పుడు పుట్టే వేడి ఎంత పెరుగుతుంది, బయటికి పోయే వేడి ఎంత పెరుగుతుంది అన్న రెండింటి పోటీయే ముఖ్యం. ఈ పోలికను రష్యన్ శాస్త్రవేత్త సెమ్యోనోవ్ 1928 ప్రాంతంలోనే ఉష్ణ విస్ఫోటనాలకు వర్తింపజేశారు. లాగ్ ప్రకారం ఊలు కప్పిన ఈ రియాక్టరుకు 850 డిగ్రీల దగ్గర 162 వాట్లు, 900 దగ్గర 180 వాట్లు కావలసి వచ్చాయి. అంటే ఒక డిగ్రీ పెరిగితే బయటికి పోయేది 0.36 వాటు మాత్రమే. ఊలు దాదాపు తీసేస్తే 900 నిలపడానికి 300 వాట్లు కావాలి. అప్పుడు వేడి ఎక్కువగా వికిరణం రూపంలో పోతుంది, అది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి డిగ్రీకి ఒక వాటు దాకా పోతుంది. లోపల పుట్టే వేడి, మోల్‌కు 100 కిలోజౌళ్ల ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గట్టు) ఉన్న రసాయన చర్యలాగా పెరుగుతుందని అనుకుందాం. ఇది కేవలం ఊహ, లెక్క కోసం పెట్టుకున్నది. అలాగైతే 900 డిగ్రీల దగ్గర అది డిగ్రీకి 0.87 శాతం చొప్పున పెరుగుతుంది. ఊలు కప్పి ఉంటే 41 వాట్ల అదనపు వేడి చాలు, రియాక్టరు చేయి దాటడానికి. ఊలు తీసేస్తే 115 వాట్లు దాటాలి.

ఔత్సాహికులకు ఈ మాట రుచించదు. బాగా కప్పి, హీటర్‌కు అతి తక్కువ కరెంటు ఇచ్చి, “చూడండి, దానంతట అదే నడుస్తోంది” అని చూపించాలని వారి కోరిక. అదుపు కావాలంటే కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం. వేడి ధారాళంగా పోతూ ఉండాలి, పోయేదాన్ని హీటర్ భర్తీ చేస్తూ ఉండాలి. అప్పుడే హీటర్ ఆపడమనే చర్యకు బలం ఉంటుంది. మొత్తం వేడిలో హీటర్ వాటా పది శాతానికి పడిపోయిన రియాక్టరు దగ్గర స్విచ్చు చేతిలో ఉన్నా లేనట్టే.

నీటిలో చేసే పల్లాడియం ప్రయోగాలలోనూ ఇలాంటి మెలికే ఉంటుంది. స్థిర వోల్టేజీ ఇస్తే, ద్రావణం వేడెక్కిన కొద్దీ నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, ఇంకా వేడెక్కుతుంది. స్థిర కరెంటు ఇస్తే వేడెక్కిన కొద్దీ వోల్టేజీ తగ్గి తనకు తానే సర్దుకుంటుంది. అయితే నీరు తగ్గి ఎలక్ట్రోడు పైకి తేలడం మొదలైతే స్థిర కరెంటు కూడా శత్రువే, ఎందుకంటే మిగిలిన కాస్త నీటిలోంచి అంత కరెంటునూ తోయడానికి వోల్టేజీ ఎగబాకుతుంది. ఒక ఆంపియరు కరెంటు గంటకు దాదాపు మూడో వంతు గ్రాము నీటిని విడగొడుతుంది. ఆవిరయ్యేది దీనికి అదనం.

మార్చినవి

బాయిలర్ దగ్గర మంట ఆరిపోతే ఇంధనాన్ని మొత్తంగా కోసేసే మాస్టర్ ఫ్యూయల్ ట్రిప్ అని ఒకటుంటుంది. అది కంట్రోల్ వ్యవస్థను అడగదు. దానికి దాని సొంత సెన్సర్లు, దాని సొంత తీగలు. నడిపేవాడూ ఆపేవాడూ ఒకే కంటితో చూడకూడదన్నది మాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్పిన మాట. ఆ షెడ్డులో చేసిన మార్పులన్నీ దాన్నుంచి వచ్చినవే.

ముందు వేరియాక్‌ను 80 వోల్టులకు తెచ్చి, పిడికి రేకు అడ్డం బిగించి తాళం వేశాను. అప్పుడు పూర్తిగా ఆన్‌లో ఉన్నా హీటర్ ఇవ్వగలిగింది 400 వాట్లే. ఊలు పలచటి పొర మాత్రం ఉంచితే 900 నిలపడానికి 300 వాట్లు పడుతుంది. ఎస్‌ఎస్‌ఆర్ మళ్లీ మూసుకుని చచ్చినా ఉష్ణోగ్రత ఎంత దాకా పోతుంది? నాలుగో ఘాతపు లెక్క ప్రకారం 990 డిగ్రీల దాకా. లెక్క మీద ఆధారపడకుండా, హైడ్రైడ్ లేని ఖాళీ గొట్టం పెట్టి, ఎస్‌ఎస్‌ఆర్‌ను ఒక తీగ ముక్కతో చేజేతులా షార్ట్ చేసి, ముగ్గురం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నలభై నిమిషాల తరవాత 1,004 దగ్గర నిలిచిపోయింది. ఈ కేసు మొత్తంలో నాకు మనశ్శాంతినిచ్చిన అంకె అది. కంట్రోలరు పోయినా, రిలే పోయినా, మనిషి నిద్రపోయినా దాటని గీత ఒకటి ఉంది కదా.

తరవాత ఎస్‌ఎస్‌ఆర్‌కు ముందు ఒక కాంటాక్టరు, అంటే తన కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపే లైను కలిపి ఉంచే స్విచ్చు, పెట్టి, దాని కాయిల్‌ను వేరే థర్మోకపుల్‌తో నడిచే వేరే లిమిట్ కంట్రోలరుకు ఇచ్చాను. ఈ రెండోది ఎన్ టైప్. పచ్చగా కుళ్లే జబ్బు దానికి చాలా తక్కువ. 950 దాటినా, థర్మోకపుల్ తెగినా కాంటాక్టరు పడిపోతుంది, చేత్తో బటన్ నొక్కితే తప్ప తిరిగి ఎత్తుకోదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అంతే. మా జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చి, ఎవరూ లేని షెడ్డులో హీటర్ తనంతట తాను మొదలైతే దాన్ని ప్రయోగం అనలేం. హీటర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ, కరెంటు కొలిచే మీటరు పెట్టి, లాగర్‌లో అవుట్‌పుట్ శాతం స్థానంలో దాని వాట్లు ఎక్కించాం. కొత్త ఎస్‌ఎస్‌ఆర్‌కు హీట్‌సింక్, పేస్టు, ఫ్యాను. కాంతాల్ తీగ కింద వారు పరిచిన గూడూరు మైకా రేకులు ఉబ్బి పొరలుగా విడిపోయి ఉన్నాయి. మామూలు తెల్ల మైకా 500, 600 డిగ్రీల వరకే పనికొస్తుంది. వాటిని తీసేశాం.

ఒత్తిడి సంగతి వారు ఎన్నడూ లెక్క వేయలేదు. 0.1 గ్రాము హైడ్రైడ్ తన మొదటి రెండు మెట్లలో వదిలే హైడ్రోజన్ దాదాపు 88 మిల్లీలీటర్లు, అది సున్నా డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనంలో. గొట్టంలో ఖాళీ 12 మిల్లీలీటర్లు. గది వేడి దగ్గరే అది ఎనిమిది బార్‌లు అవుతుంది. ఖాళీ అంతా 900 డిగ్రీల దగ్గర ఉంటే 32. చివరి భాగం చల్లగా ఉంటుంది కాబట్టి అసలు విలువ ఈ రెండింటి మధ్య ఉంటుంది. మేనల్లుడు వచ్చే ప్రయోగానికి 0.3 గ్రాములు తూచి పెట్టుకున్నాడు. ఈ లెక్క చూశాక ఆ పొట్లాన్ని మాస్టారే తీసుకుని లోపల పెట్టారు. సిమెంటు అతుకుకు బదులు కంప్రెషన్ ఫిటింగు వేసి, రిలీఫ్ వాల్వును 15 బార్‌లకు పెట్టి, దాని గొట్టాన్ని కప్పు పైకి తీశాం. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకోగలదు, పైకే పోతుంది. అందుకని డిటెక్టరు బల్ల దగ్గర కాదు, కప్పు మూల పెట్టాం. హైడ్రైడ్‌కు తేమ పడదు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో దాన్ని తెరిచి తూచడం వారి అదృష్టం కొద్దీ సాగింది. ఇప్పుడు ఆర్గాన్ నింపిన సంచిలో తూస్తున్నారు, బల్ల పక్కన నీళ్ల బకెట్ తీసేసి ఎండిన ఇసుక పెట్టారు. కాలే గొట్టం మీద ఫ్యాను తిప్పడం కూడా మాన్పించాను. అల్యూమినా రెండు వందల డిగ్రీల హఠాత్తు తేడాకే పగలగలదు.

తరవాతి పరుగులు

ఆగస్టులో ఒకే రకం రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో నికెల్, హైడ్రైడ్, రెండోదానిలో నికెల్ మాత్రమే వేసి పదకొండు రోజులు నడిపారు. 900 నిలపడానికి రెండింటికీ పట్టిన శక్తిలో తేడా రెండు శాతం లోపే. మా కొలత మీద నేను పెట్టుకున్న అనిశ్చితి మూడు శాతం. హైడ్రోజన్ ఉన్న గొట్టం కొంచెం ఎక్కువ తీసుకుంది, తక్కువ కాదు. మాస్టారు ఆ ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాశారు. లిమిట్ కంట్రోలరు ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారే పడింది, అదీ తీగ వదులై.

ప్రస్తుతం మా ఇద్దరి మధ్య తెగని తగువు ఊలు గురించే. 300 వాట్లతో ఒక గొట్టం రోజంతా నడిస్తే 7.2 యూనిట్లు, ఊలు కప్పితే 4.3. పింఛను డబ్బుతో నడిచే షెడ్డులో రోజుకు మూడు యూనిట్లు కూడా లెక్కేనని, పాత ఊలులో సగమైనా తిరిగి కప్పనివ్వమని ఆయన నెలకోసారి ఫోన్ చేస్తారు. సగం ఊలుతో హీటర్‌ను పూర్తిగా ఆన్‌లో వదిలేసి, అది ఎక్కడ నిలుస్తుందో నా ఎదుట చూపిస్తే ఆలోచిస్తానని చెప్పాను. ఆ పరీక్షకు ఇంకా తేదీ పెట్టుకోలేదు. వేరియాక్ తాళంచెవి నా దగ్గరే ఉంది.